పాత గ్రీటింగ్ కార్డులు: కుట్టి పుస్తకం చేయాలా, కత్తిరించి పెట్టె చేయాలా?

పాత గ్రీటింగ్ కార్డుల కట్ట దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట ఉంటుంది. పారేయడానికి చేతులు రావు, అలాగని ఏడాదికోసారైనా విప్పి చూసేదీ ఉండదు. వీటితో చేతిపనిగా ఏం చేయవచ్చో వెతికితే ఉపాయాలకు కొదవ లేదు. బంతులు, పెట్టెలు, తోరణాలు, గోడకు తగిలించే పటాలు ఉన్నాయి. చిక్కేమిటంటే ఆ ఉపాయాల్లో నూటికి తొంభై కత్తెరతో మొదలవుతాయి. కార్డంటే ముందున్న బొమ్మే అన్నట్టు చెబుతాయి.

నా లెక్కలో ఎంపిక ఇక్కడే జరిగిపోతుంది. ఏ వస్తువు చేయాలన్నది తరువాతి సంగతి. కత్తిరించదగిన కార్డులేవి, కత్తిరించకూడనివేవి అన్నది ముందు తేలాలి. బొమ్మను అచ్చు యంత్రం వేల ప్రతులు తీసి ఉంటుంది. లోపలి రెండు వాక్యాలు మాత్రం ఒకరు ఒక్కరికే రాసినవి. ఆ వాక్యాలున్న కార్డుకు ఒక దారి, లేని కార్డుకు వేరే దారి.

కాబట్టి ముందు కట్ట విప్పి మూడు కుప్పలు చేయండి. సొంత మాటలు రాసినవి ఒక కుప్ప. అచ్చు వేసిన శుభాకాంక్షల కింద సంతకం మాత్రమే ఉండి, బొమ్మ బాగున్నవి రెండో కుప్ప. రాతా లేక, బొమ్మా నచ్చక, ఎందుకు దాచామో తెలియనివి మూడో కుప్ప. సాధారణంగా రెండోదే పెద్దదవుతుంది, మొదటిది అనుకున్నదానికన్నా చిన్నదిగా తేలుతుంది. కార్డును తెరిచి కుడివైపు మాత్రమే చూసి పక్కన పెట్టవద్దు. కుడి పేజీలో అచ్చు అక్షరాలు ఉంటాయి కనుక చాలామంది ఎడమ పేజీలో, అంటే బొమ్మకు సరిగ్గా వెనక, రాస్తారు. "అమ్మకు ఇప్పుడు నయంగా ఉంది, ఈసారి తప్పకుండా రండి" అన్న మాట బొమ్మ వీపు మీద ఉంటే, బొమ్మను గుండ్రంగా కత్తిరించిన మరుక్షణం "కు ఇప్పుడు నయం" అన్న ముక్క మిగులుతుంది.

విడదీస్తున్నప్పుడే కొంత శుభ్రం చేసుకోవాలి. రబ్బరు బ్యాండ్లు గట్టిపడి కాగితానికి అతుక్కుంటాయి, తుప్పు పట్టిన పిన్నులు గోధుమరంగు మచ్చ వదులుతాయి. రెండూ తీసేయండి. బూజు వాసన వచ్చే కార్డును మిగతావాటితో కలపవద్దు. తెరవగానే పాట పాడే కార్డుల్లో బొత్తాం ఆకారంలో చిన్న బ్యాటరీ ఉంటుంది. దాన్ని తప్పకుండా తీసేయాలి. కొన్నేళ్లకు అది కారి పక్క కార్డులను కూడా పాడు చేస్తుంది. పసిపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, కనుక తీసిన వెంటనే వారికి అందకుండా పెట్టండి.

కవర్లు పారేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. కార్డు మీద తేదీ వేసేవారు తక్కువ, వేసినా ఏడాది రాసేవారు ఇంకా తక్కువ. చాలా సందర్భాల్లో కార్డు ఏ సంవత్సరానిదో చెప్పే ఆధారం కవరు మీది పోస్టు ముద్ర ఒక్కటే. ఆ సంవత్సరాన్ని కార్డు వెనక మెత్తటి పెన్సిలుతో ఒక మూల రాసుకోండి. పెన్ను వద్దు, సిరా అవతలి వైపుకు దిగుతుంది.

కత్తెర పెట్టని దారి: పుస్తకం

మొదటి కుప్పకు నేను చెప్పే సలహా ఒక్కటే, పుస్తకం. అయితే పుస్తకం చేసే పద్ధతులు నాలుగు రకాలు, వాటి మధ్య తేడా చాలా ఉంది.

అన్నిటికన్నా తేలికైనది రింగుల పుస్తకం. ప్రతి కార్డుకూ మడత పక్కన రెండు రంధ్రాలు వేసి, తెరుచుకునే లోహపు రింగులు తొడిగితే అయిపోయింది. ఒక సాయంత్రం పని. ఏటా కొత్త కార్డులు వస్తూ ఉంటే ఇదే మేలు, ఎందుకంటే రింగు తెరిచి ఎప్పుడైనా చేర్చవచ్చు, వరుస మార్చవచ్చు. లోటు ఏమిటంటే రంధ్రం శాశ్వతం. అంచు దాకా రాసేవారి కార్డులో అది అక్షరాల మధ్యనే పడుతుంది. పైగా తరచూ తిప్పే పుస్తకంలో రంధ్రం మెల్లగా చిరుగుతూ అంచు వైపు సాగుతుంది. రంధ్రానికీ అంచుకూ మధ్య కనీసం 1 సెంటీమీటరు వదిలితే కొంత ఆగుతుంది.

రెండోది కుట్టు పుస్తకం. నాకు అన్నిటిలోకీ ఇష్టమైనది ఇదే, కనుక దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. పుస్తకాలు కుట్టేవారు కాగితాలను మధ్యకు మడిచి, ఆ మడతలో సూది దింపి కుడతారు. గ్రీటింగ్ కార్డు ముందే మడిచి వస్తుంది. అంటే సగం పని కార్డు తయారుచేసినవారే చేసి పెట్టారు. మడతలోనే రంధ్రాలు పడతాయి కనుక రాతకు గాని బొమ్మకు గాని ఏ హానీ లేదు, జిగురు చుక్క అక్కర్లేదు. రేపు ఎవరికైనా నచ్చకపోతే దారం కోసేస్తే కార్డులు మళ్లీ విడిగా చేతికి వస్తాయి.

దీనికి వాడేది కాప్టిక్ కుట్టు. తొలి శతాబ్దాల్లో ఈజిప్టు క్రైస్తవులు పుస్తకాలు కుట్టిన పద్ధతి అది. ప్రతి మడతనూ దాని కింది మడతతో గొలుసు వేసినట్టు కలుపుతూ పోతారు. పుస్తకం వీపు తెరిచి ఉంటుంది, గొలుసు కుట్టు బయటికి కనిపిస్తుంది, ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. కార్డులకు ఈ చివరి గుణమే ముఖ్యం. వీపుకు జిగురు పూసి బిగించిన పుస్తకంలో మందపాటి కార్డు పూర్తిగా తెరుచుకోదు, మడత దగ్గరి మాటలు చదవలేం.

పని ఇలా సాగుతుంది. ఒక కాగితపు పట్టీని కార్డు ఎత్తుకు కత్తిరించి, దాని మీద 4 గుర్తులు పెట్టండి. పై గుర్తూ కింది గుర్తూ అంచులకు 1.5 సెంటీమీటర్ల లోపల ఉండాలి, మిగతా రెండూ వాటి మధ్య సమంగా. ఆ పట్టీని ప్రతి కార్డు మడతలోనూ ఆనించి అవే చోట్ల లావు సూదితో పొడవండి. కార్డులన్నీ ఒకే కొలతలో ఉండవు కదా అంటారా? కింది అంచులు కలిపి పెట్టండి. పొట్టి కార్డులు పైన తగ్గి ఉంటే ఏమీ కాదు, పుస్తకం మెట్లు మెట్లుగా కనిపించడం ఒక అందమే. అయితే పై గుర్తు అన్నిటికన్నా పొట్టి కార్డులో కూడా పట్టాలి, కాబట్టి పట్టీని పొట్టి కార్డు ఎత్తుకే చేయాలి. దారం గట్టిది, మైనం పట్టించినది అయితే జారదు, ముడి పడదు.

ఒక పుస్తకానికి 20 నుంచి 25 కార్డులు దాటనివ్వకండి. మందం సమస్య వీపు దగ్గర రాదు, ముందు అంచు దగ్గర వస్తుంది. అతికించిన పూలు, రిబ్బన్లు, తెరవగానే లేచి నిలబడే బొమ్మలు ఉన్న కార్డులు చేరేకొద్దీ పుస్తకం ముందు వైపు విచ్చుకుంటుంది, మూసుకోదు. అలాంటివి నాలుగైదు ఉంటే ప్రతి రెండు కార్డుల మధ్య 2 సెంటీమీటర్ల వెడల్పు మందపాటి కాగితపు పట్టీని మడిచి కుట్టులో కలపండి. వీపు కూడా ఆ మేరకు పెరుగుతుంది, అంచు సర్దుకుంటుంది.

ఇందులో రెండు చిక్కులు వస్తాయి. కొన్ని కార్డుల మడత పక్కన కాకుండా పైన ఉంటుంది. వాటిని మిగతావాటితో కలిపితే పుస్తకాన్ని మాటిమాటికీ తిప్పి చదవాలి. అవి 8 దాకా ఉంటే వేరే చిన్న పుస్తకంగా కుట్టి, గోడ క్యాలెండరులా పైకి తెరిచేలా ఉంచండి. మడత లేని ఒంటి కార్డుల దారి వేరు. పలుచని గట్టి కాగితాన్ని 3 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి నిలువునా మధ్యకు మడిచి, ఒక సగాన్ని కార్డు అంచుకు సన్నగా అతికించి, మడతను కుట్టులో చేర్చాలి.

ఇక వరుస. అందరూ సంవత్సరాల ప్రకారం పెడతారు, అది తప్పు కాదు. కానీ పంపినవారి ప్రకారం పెట్టి చూడండి. ఒకే మనిషి పంపిన 6 కార్డులు వెంటవెంట వస్తే, ఆ చేతిరాత మారడం కళ్లకు కడుతుంది. మొదటి కార్డులో గుండ్రంగా నిలిచిన అక్షరాలు చివరి కార్డులో వణుకుతాయి. పిల్లల విషయంలో దీనికి తిరగబడి, వంకర గీతలు పోయి సంతకం కుదురుకుంటుంది. సంవత్సరాల వరుసలో ఇది పోగుపడదు, మధ్యలో పదిమంది అడ్డం వస్తారు.

మూడోది మడతల పట్టీ, అంటే అకార్డియన్ వాద్యం తిత్తిలా చాపితే పొడవుగా తెరుచుకునే పుస్తకం. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పైబడిన మందపాటి కాగితాన్ని వంకీలుగా మడిచి, ఒక్కో ముఖానికి ఒక్కో కార్డును ఫొటో మూలలతో, అంటే కార్డు మూలలు దూర్చే చిన్న జేబులతో, నిలుపుతారు. ఇది అరలో నిలబెట్టి చూపించుకునే వస్తువు. 8 నుంచి 12 కార్డులకు చక్కగా ఉంటుంది, అంతకు మించితే జారి పడుతుంది. కార్డును పూర్తిగా అతికించకుండా మూలల్లో దూర్చడం వల్ల తీసి చదవవచ్చు.

నాలుగోది పారదర్శకమైన జేబుల ఆల్బమ్. చేతిపని అనిపించుకోదు, కానీ బాగా పాతబడి, మడత దగ్గర విడిపోతున్న కార్డుకు సూదీ వద్దు, రంధ్రమూ వద్దు. జేబు పాలీప్రొపిలీన్‌దో పాలిస్టర్‌దో అయి ఉండాలి. పీవీసీ అయితే అందులోని రసాయనాలు కాలక్రమంలో బయటికి వచ్చి కాగితాన్ని, సిరాను దెబ్బతీస్తాయి. కొత్త ప్లాస్టిక్ ఘాటు వాసన గుప్పుమంటే అది పీవీసీ అని అనుమానించండి. కుట్టు పుస్తకం చేసేవారు కూడా ఇలాంటి జేబు ఒకటి రెండు వెనక అట్టకు చేర్చుకుంటే, అందులో ఆ బలహీనమైన కార్డులు ఒదుగుతాయి.

ఈ నాలుగింటిలో ఎటూ తేలకపోతే కార్డుల సంఖ్య చూడండి. పది లోపైతే మడతల పట్టీ. ఇరవై, ఇరవైఅయిదు ఉండి ఇకపై కొత్తవి రావు అనుకుంటే కుట్టు. ఇంకా వస్తూనే ఉంటే రింగులు.

గోడ మీది పటం: అందమే, కానీ వెలుగు తినేస్తుంది

రెండో కుప్పలోని మంచి బొమ్మలను ఫ్రేములో పెట్టాలనిపించడం సహజం. పటం వల్ల లాభం, అది రోజూ కళ్లెదుట ఉంటుంది. పుస్తకం ఏడాదికోసారి తెరిస్తే గొప్ప. నష్టం కూడా అదే, రోజూ వెలుగు తగులుతుంది. అచ్చు రంగుల్లో ఎరుపు, పసుపు సాధారణంగా ముందు వెలుస్తాయి, నీలం, నలుపు చివరిదాకా నిలుస్తాయి. ఎండ తగిలే గోడ మీది పాత పోస్టర్లన్నీ నీలిగా మారడానికి కారణం ఇదే. కాగితపు వస్తువుల మీద వెలుగు సుమారు 50 లక్స్ (వెలుగు తీవ్రతకు కొలమానం) దాటకుండా మ్యూజియంలు చూసుకుంటాయి. పగటి పూట కిటికీ పక్కన గదిలో వెలుగు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు కొంత కాపాడుతుంది గాని, మామూలు వెలుగు కూడా రంగును లాగేస్తుందన్నది మరవకూడదు.

అందుకని పటంలో పెట్టేది నకలైతే నిశ్చింత. కార్డును స్కాన్ చేసి, ముద్రించి, ఆ ప్రతిని గోడకు ఎక్కించి, అసలును పుస్తకంలో ఉంచండి. అదే సైజులో ముద్రించడానికి 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) సరిపోతుంది, పెద్దది చేయాలనుకుంటే 600 పెట్టుకోండి. అసలే పెట్టాలని పట్టుబడితే మూడు జాగ్రత్తలు. కార్డు గాజుకు తగలకూడదు, తేమకు అతుక్కుపోతుంది, కనుక చుట్టూ అట్ట కిటికీ ఉన్న ఫ్రేము గాని లోతైన పెట్టె ఫ్రేము గాని వాడండి. బొమ్మను కావలసిన కొలతకు కత్తిరించకండి, అట్టలో కిటికీని ఆ కొలతకు కోయించుకోండి, కార్డు చెక్కుచెదరకుండా వెనక దాగుతుంది. వెనక అట్ట ఆమ్లరహితమైనది అయి ఉండాలి. మామూలు అట్ట నాసిరకం గుజ్జుతో తయారవుతుంది, అందులోని ఆమ్లం కార్డు వీపుకు పాకి పసుపు చేస్తుంది.

అనేక బొమ్మలను ఒకే పెద్ద అట్ట మీద పూర్తిగా అతికించి కోలాజ్ చేయడం గురించి నాకు అంత సదభిప్రాయం లేదు. దీనికి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. వ్యాపారానికి అచ్చు వేసిన తొలి క్రిస్మస్ కార్డుగా పేరున్నది 1843 నాటిది. లండన్‌లో హెన్రీ కోల్ కోరితే చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ బొమ్మ గీశారు. ఆ తరువాత కార్డులు చవకై, 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో బ్రిటన్, అమెరికా ఇళ్లలో వాటిని పెద్ద ఆల్బముల్లో జిగురుతో అతికించే అలవాటు బాగా పాకింది. ఆ ఆల్బముల వల్లనే ఎన్నో కార్డులు బతికి నేటి దాకా వచ్చాయి. అయితే వీపు మొత్తం పేజీకి అంటుకుపోవడంతో ఎవరు ఎవరికి ఏం రాశారో చదివే వీలు పోయింది. బొమ్మ నిలిచింది, మాట మూతపడింది. సంతకం తప్ప మరేమీ లేని కార్డులతోనైతే కోలాజ్ నిక్షేపంగా చేసుకోవచ్చు.

పెట్టె: కత్తిరించినా రాత మిగిలే ఒకే ఒక్క ఉపాయం

కత్తెర పట్టక తప్పదనుకుంటే నా ఓటు చిన్న మూత పెట్టెకు. కార్డును మడత వెంట రెండు ముక్కలు చేస్తే బొమ్మ ఉన్న సగం మూత అవుతుంది, రాత ఉన్న సగం అడుగు అవుతుంది. అడుగు ముక్కలో రాత లోపలి వైపుకు వచ్చేలా గోడలు లేపితే, మూత తీసినవారికి పెట్టె నేల మీద ఆ మాటలు కనిపిస్తాయి. ఎడమ పేజీలో కూడా రాసి ఉంటే అది మూత లోపలి వైపున కనిపిస్తుంది.

సాధారణంగా దొరికే 12.7 × 17.8 సెంటీమీటర్ల కార్డుతో లెక్క చెబుతాను. మూతకు నాలుగు అంచుల నుంచీ 3 సెంటీమీటర్ల దూరంలో గీతలు గీయండి. పైకప్పు 6.7 × 11.8 వస్తుంది. అడుగుకు గీతలు 3.1 దగ్గర గీయండి. నేల 6.5 × 11.6 అవుతుంది, అంటే మూత లోపల 2 మిల్లీమీటర్ల వదులు. ఈ వదులు లేకపోతే మూత ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే మూలలు చిరుగుతాయి. పొట్టి అంచుల వైపు నుంచి పొడుగు గీతల వెంట మొదటి అడ్డగీత దాకా, మొత్తం నాలుగు చోట్ల కత్తిరించి, ఆ చిన్న రెక్కలను లోపలికి మడిచి అతికించాలి.

మడిచే ముందు గీతల మీద సిరా అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు ఆనించి గట్టిగా లాగండి. ఈ అడుగు దాటవేయవద్దు. మందపాటి కాగితానికి ఒక వాటం ఉంటుంది. యంత్రం మీద తయారయ్యేటప్పుడు పీచు ఒక దిశకు వాలుతుంది. వాటం వెంట మడిస్తే మడత సాఫీగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పైపొర పగిలి తెల్లటి గీత పడుతుంది. పెట్టెకు రెండు దిశల్లోనూ మడతలు తప్పవు కనుక, ముందుగా గీటు పెట్టి పీచును అణచడం ఒక్కటే మార్గం. బాగా నిగనిగలాడే పూత ఉన్న కార్డులు ఎంత గీటు పెట్టినా కొంత పగులుతాయి, వాటిని పెట్టెకు ఎంచుకోకండి.

పెట్టె వాడుకునే వస్తువు కూడా. ఉంగరమో, చెవిపోగులో, ఒక చిన్న తాళంచెవో పెట్టి ఎవరికైనా ఇవ్వవచ్చు. ఆ కార్డు పంపినవారికే, ఏళ్ల తరువాత, వారి రాతతోనే ఉన్న పెట్టె చేసి ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బంతి, తోరణం, ఇతర చిన్న పనులు

ఇరవై గుండ్రటి ముక్కలతో చేసే బంతి చాలాకాలంగా ప్రచారంలో ఉన్న చేతిపని. గణితంలో ఇరవై త్రిభుజాల ఘనం ఏదైతే ఉందో, ఇది అదే. 5 సెంటీమీటర్ల వ్యాసంతో 20 వృత్తాలు కత్తిరించి, ఒక్కోదానిలో 4.3 సెంటీమీటర్ల భుజం ఉన్న సమబాహు త్రిభుజం పడేలా మూడు అంచులను బయటికి మడవాలి. 5 ముక్కలు కలిపితే పై టోపీ, మరో 5 కలిపితే కింది టోపీ, మిగిలిన 10 తలకిందులుగా ఒకటి విడిచి ఒకటి కలిపితే నడుము పట్టీ. మూడింటినీ జోడిస్తే బంతి నిలుస్తుంది. మడిచిన అంచులే జిగురు పూసే చోట్లు కనుక పిల్లలు కూడా చేయగలరు. ఒక కార్డు బొమ్మ వైపు నుంచి 6 వృత్తాలు వస్తాయి కాబట్టి లెక్కకు 4 కార్డులు చాలు. కానీ 20 మంది పంపిన 20 కార్డుల నుంచి ఒక్కో ముక్క తీసుకుంటే బంతికి అర్థం పెరుగుతుంది. ఆ పని రెండో కుప్పతోనే చేయాలి సుమా.

దీని ఆయుష్షు తక్కువ. దుమ్ము పడితే తుడవలేం, అటక మీద మరో పెట్టె కింద పడితే చదును అవుతుంది. ఏటా తీసి వేలాడదీసే అలంకారంగా సరే, తరువాతి తరానికి అందించే జ్ఞాపికగా దీన్ని లెక్కించకండి.

తోరణం, పుస్తకాల్లో పెట్టుకునే గుర్తు పట్టీలు, బహుమతులకు కట్టే చీటీలు వగైరా గురించి ఎక్కువ చెప్పేందుకేమీ లేదు. రెండో కుప్పలో మిగిలినవాటికి మంచి వినియోగం, అంతే. ఒక్క పాత పద్ధతి మాత్రం ప్రస్తావించాలి. రెండేసి కార్డులను వీపులు కలిపి, అంచు చుట్టూ సమదూరంలో రంధ్రాలు పొడిచి, ఊలు దారంతో అంచు చుట్టి కుట్టి, అలాంటి పలకలను కలిపి బుట్టగా చేయడం. గట్టిగా ఉంటుంది, జిగురు లేదు, రెండు వైపులా బొమ్మలే. ఊలు పని చేతనైనవారు బంతిని వదిలి దీన్ని పట్టుకోవడం మేలు.

జిగురు సంగతి

ఏ వస్తువు చేసినా దాని ఆయుష్షు జిగురు చేతిలో ఉంటుంది. పారదర్శకమైన అంటుకునే టేపు ఎక్కడా వాడకండి. దాని జిగురు కొన్నేళ్లకు పసుపుబారి కాగితంలోకి ఇంకుతుంది, పైన ప్లాస్టిక్ మాత్రం ఎండి రాలిపోతుంది, మచ్చ ఉండిపోతుంది. పెట్టెలకు, బంతులకు తెల్లటి పీవీఏ జిగురు సరిపోతుంది. అందులో నీరు ఉంటుంది కనుక పలుచగా పూసి, అంటుకోని కాగితం మధ్య ఉంచి బరువు పెట్టి ఆరనిస్తే వంకర పోదు. పిండితో కాచిన జిగురుకు ఒక మంచి గుణం ఉంది, తడిపితే ఊడి వస్తుంది. అయితే కాగితం తినే వెండి పురుగులకు అదంటే మహా ప్రీతి, పొడిగా ఉండని ఇంట్లో వాడవద్దు. ఫౌంటెన్ పెన్నుతో రాసిన కార్డు దగ్గర తడి జిగురు ఏదీ వద్దు, సిరా పాకుతుంది. అక్కడ ఫొటో మూలలే శరణ్యం.

లామినేషన్ గురించి చాలామంది అడుగుతారు. మెరుస్తుంది, నీరు తగిలినా భయం లేదు, నిజమే. కానీ వేడితో కరిగించి అంటించిన ఆ పొరను మళ్లీ తీయడం సాధ్యం కాదు, లోపల కాగితం పసుపెక్కుతూ పోతే చూస్తూ ఊరుకోవడమే. పత్రాలు భద్రపరిచే సంస్థలు అసలు ప్రతులకు దీన్ని వద్దంటాయి. నకలుకు చేయించుకోండి, అసలు జోలికి పోవద్దు.

ఒకే కట్ట, నలుగురు వారసులు

అమ్మానాన్నలకు వచ్చిన కార్డుల కట్టను అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు పంచుకోవలసి వస్తే ఎంపిక ఇంకాస్త జటిలం. తలా ఒక పిడికెడు తీసుకోవడం న్యాయంగా కనిపిస్తుంది, కానీ ఒకరి చేతిరాత నాలుగు ఊళ్లకు చెదిరిపోతుంది. నా అభిప్రాయంలో పంపినవారి వారీగా పంచుకోవాలి. పెద్దత్త రాసినవన్నీ ఒకరికి, నాన్న స్నేహితుడు రాసినవన్నీ మరొకరికి. దానికి ముందు మొత్తం స్కాన్ చేసి అందరూ ఒక్కో ప్రతి ఉంచుకుంటే తగవు రాదు. కార్డు తెరిచిన రెండు పేజీలు, ముందు, వెనక, కవరు, అన్నీ తీయండి. ముద్రించిన ఫొటో పుస్తకం నలుగురికీ చేయించవచ్చు, కుట్టు పుస్తకం ఎవరి భాగానికి వారు చేసుకోవచ్చు. స్కాన్ ఉంది కదా అని అసలును పారేయడం మాత్రం నేను ఒప్పుకోను. పెన్ను గట్టిగా నొక్కి రాసేవారి అక్షరాలు కాగితం వెనక వేలికి తగులుతాయి, తెర మీద అది రాదు.

బహుమతిగా ఇచ్చే ఉద్దేశం ఉంటే పుచ్చుకునేవారి కళ్లనూ చేతులనూ తలచుకోండి. పెద్దవయసువారికి రింగుల పుస్తకం తిప్పడం సులువు, కుట్టు పుస్తకం బరువు తక్కువ. చూపు మందగించినవారికి గోడ పటంలో పెద్దదిగా ముద్రించిన నకలు నయం. పసిపిల్లలున్న ఇంటికి మెరుపు పొడి రాలే కార్డుతో చేసిన ఏ వస్తువూ ఇవ్వకండి.

ఇక మూడో కుప్ప. పారేయడానికి తొందర లేదు. పుస్తకానికి సూది దింపే ముందు, పెట్టెకు కత్తెర పెట్టే ముందు, ఈ కార్డులను తీసుకుని ఒక పెట్టె, నాలుగు మడతల కుట్టు చేసి చూడండి. మడత ఎటు పగులుతోందో, రంధ్రం ఎంత లావైతే దారం బిగుస్తోందో, జిగురు ఎంత పలుచగా పూయాలో వీటి మీదే తేలిపోతుంది. మిగిలినవాటిలో మామూలు కాగితపువి పాత కాగితాలతో కలిపి తిరిగి వినియోగానికి పంపవచ్చు. మెరుపు పొడి, లోహపు రేకు, ప్లాస్టిక్ పొర ఉన్న కార్డులను చాలాచోట్ల తీసుకోరు, కాబట్టి ఆ భాగాన్ని కత్తిరించి వేరు చేసి పంపండి.